అర ఇంచు లోతు

పోయిన నెల మా చిన్న కోడలు గుండీల డబ్బా కోసం నా పెట్టెను అడుగుదాకా తవ్వింది. గుండీలు దొరకలేదు గాని, పాత పరికిణీ గుడ్డలో చుట్టి నాడాతో మూడు చుట్లు కట్టిన కాగితాల చుట్ట ఒకటి బయటపడింది. కోడలు పక్కనున్న ఉమ్రి ఊరి పిల్ల. నాందేడుకు కాపురానికి వచ్చి ఏడాది నిండకముందే, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని మా గల్లీ చివర శివణ్ క్లాసులో చేరింది. కుట్టు నేర్పే చోటును మేమందరం మరాఠీలో అట్లాగే అంటాం. చుట్ట విప్పి నేలమీద పరుచుకుని పిల్ల సంబరపడింది. ఒకప్పుడు మా నాయన కిరాణా దుకాణంలో సరుకు కట్టిన ఖాకీ కాగితాల్లోంచి మా మేనత్త కోసినవి అవి. జాకెట్టు ముందు ముక్క, వెనుక ముక్క, చేయి, నడుం పట్టీ, ముప్పై రెండు నుంచి నలభై దాకా సైజుకో జత. ఒక్కోదాని మీద నీలం పెన్సిల్‌తో ఏ ముక్క ఏదో రాసి ఉంది. మాట తెలుగు, అక్షరం మరాఠీ. మా ఇంట్లో అందరిదీ అదే రాత. తెలుగు నోటికి వచ్చుగాని, బడి మరాఠీది కాబట్టి చేతికి వచ్చేది కాదు. నేను ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు కూడా పెళ్లయ్యాక గోడ క్యాలెండర్లు చూసి నేర్చుకున్నవే.

కోడలు చేయి కాగితం మీద టేపు పెట్టింది, తిప్పింది, మళ్లీ పెట్టింది. "అత్తమ్మా, గీ చేయి తప్పున్నది. రెండు దిక్కుల ఒక్కతీరుగ కోసిన్రు చూడుండ్రి. ముందటి దిక్కు అర ఇంచు లోపలికి తియ్యాలె గద, లేకుంటే చంకల ముడతలు వస్తయి. మా క్లాసుల మొదటి వారమే చెప్పిన్రు" అంది. నాకు చర్రున కోపం వచ్చింది. నిన్నగాక మొన్న కత్తెర పట్టిన పిల్ల మా మేనత్త కాగితానికి వంక పెట్టడమా? ఆమె కోసిన జాకెట్లు వేసుకుని ఈ ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు చేసుకున్నారని గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల లోపలికి వెళ్లి, క్లాసులో తను కోసుకున్న చేయి కాగితం తెచ్చి దీని మీద పెట్టింది. వెనుక వైపు రెండూ సరిగ్గా కలిశాయి. ముందు వైపు మాత్రం మా మేనత్త కాగితం నెలవంకలా సన్నగా బయటికి మిగిలింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. నేను లేవలేదు. ఆ నెలవంక ముక్కను నేను ఇంతకుముందు ఎక్కడ చూశానో నాకు అప్పుడే గుర్తుకొచ్చింది.

మా మేనత్త అంటే మా నాయన చెల్లెలు. మాండవి దిక్కున అడవి ఊరికి కోడలిగా వెళ్లి, రెండేళ్లు తిరక్కుండానే ఒక ఇనుప పెట్టె, ఒక కుట్టు మిషనుతో నాందేడుకు తిరిగి వచ్చేసింది. భర్త ఇంకో మనిషిని తెచ్చుకున్నాడు. నాకు అప్పటికి మూడేళ్లు. ముందు గదిలో కిటికీ కింద మిషను వేసుకుంది, ఇక అదే ఆమె ఇల్లు. తిట్టాలంటే మరాఠీ, లెక్కపెట్టాలంటే ఉర్దూ, ముద్దు చేయాలంటే తెలుగు మాట్లాడేది. మిషనుకు ప్రతి ఆదివారం నూనె పోసి తుడిచేది. మాకు తలంటు మరచిపోయిన వారాలున్నాయి గాని, మిషనుకు మరచిపోయిన వారం లేదు. వాడలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పంతులుకంటే ముందు ఆమెకు కబురు వచ్చేది. కుట్టవలసిన జాకెట్లున్న రోజు మా అమ్మ అన్నం కంచం మిషను దగ్గరికే తెచ్చి ఇచ్చేది. ఏమీ లేని రోజు మేనత్త వంటింటి గడప పక్కన కూర్చుని, అందరూ తిన్నాక తినేది. ఇది నేను రోజూ చూశాను. చూసిందాన్ని పట్టించుకునే వయసు కాదు.

పన్నెండేళ్లప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకు పిల్లలు లేరు. నువ్వే నా బిడ్డవు అనేది, నేను నమ్మాను. ఇప్పటికీ ఆ మాట అబద్ధమని అనలేను, బాధంతా అక్కడే ఉంది. ముందు హుక్కులు, కాజాలు, తర్వాత అంచులు మడిచి చేతికుట్టు, ఆ తర్వాత కత్తెర. పదిహేనేళ్లకు నేను ముందు ముక్క, వెనుక ముక్క సుద్దముక్కతో గీసి, గీతకు ఇటూ అటూ పోకుండా కోసేదాన్ని. చివరికి చేయి. బట్టను నాలుగు మడతలు వేసి ఒక్క వంపున కోస్తే రెండు చేతులూ ఒకేసారి వచ్చేవి. అది కూడా నాతోనే కోయించేది. కోయడం అయిపోగానే, "మస్తు కోసినవ్. ఇగ పోయి చాయ్ పెట్టుకరా పో" అనేది. నేను పరుగున వంటింట్లోకి పోయి అల్లం దంచి, చాయ్ మరిగించి రెండు కప్పుల్లో పోసుకుని వచ్చేసరికి ఆమె మిషను మీద చేతులు కలుపుతూ ఉండేది. చేయి కోశాక చాయ్ తాగడం కుట్టుపనిలో ఒక భాగమని నేను అనుకునేదాన్ని. పొరుగింటి వాళ్లు ఎవరైనా టైలరు దగ్గర జాకెట్టు కుట్టించుకుంటే, ఆయనకు చాయ్ ఎవరు పెట్టిస్తారని అడిగి నవ్వులపాలయ్యాను కూడా. సాయంత్రం మిషను కింద ఊడ్చడం నా వంతు. దారం పోగులు, చదరం ముక్కలు, వాటి మధ్య ప్రతిసారీ వేలెడు పొడవున్న సన్నని నెలవంక ముక్కలు. ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు. ఆమె నా దగ్గర దాచిన విద్యను ఆరేళ్ల పాటు నా చీపురుతో నేనే ఊడ్చి బయట పారబోశాను.

నా పెళ్లికి అందరూ గిన్నెలూ చీరలూ పెడితే, మేనత్త ఆ కాగితాల చుట్ట ఇచ్చింది. రాత్రింబవళ్లు కూర్చుని కోసిందని అమ్మ చెప్పింది. బంధువులంతా ఇదే కదా అసలైన పెట్టుపోత అన్నారు. నేను ఆమె కాళ్లకు దండం పెట్టి ఏడ్చాను. కుండల్‌వాడిలో మా అత్తవారిల్లు. కోడలు నాందేడులో కుట్టు నేర్చుకుని వచ్చిందని మా అత్తగారు బజారంతా చాటింది. మొదటి ఏడాది లంగాలు, దిండు గలీబులు, పిల్లల జుబ్బాలు కుట్టి పేరు తెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. పెళ్లి జాకెట్టు బయట కుట్టించేది లేదు, వదినే కుడుతుందని పెళ్లికూతురు పట్టుబట్టింది. జరీ కొంగు పైఠణీ పట్టుచీర. జాకెట్టు ముక్క ఆ చీరలోంచే కోసుకోవాలి. అది పాడైతే అలాంటి ముక్క మళ్లీ ఎక్కడా దొరకదు.

నాకు భయం లేదు, చేతిలో మేనత్త కాగితం ఉంది. గీసి కోసి కుట్టాను. తొడిగి చూస్తే వీపు అద్దినట్టుంది, ఎద సరిపోయింది, చంక ముందు మాత్రం బట్ట గుప్పెడు ముడతలై నిలబడింది. విప్పి మళ్లీ కలిపాను, అదే ముడత. కుట్టు లోపలికి పట్టాను, చేయి బిగిసింది, ముడత పోలేదు. మూడోసారి విప్పేసరికి పట్టు పోగులు లేవడం మొదలైంది. ఒక్కసారి, ఒక్కసారైనా, కాగితం తప్పేమోనని నాకు తోచలేదు. తోచి ఉంటే లెంపలు వేసుకునేదాన్ని. దీపం వెలుగు చాలలేదనీ, పట్టు జారుతోందనీ ఏవో చెప్పబోతే, పెళ్లికి వచ్చిన ఒక పెద్దామె ఆడలేక మద్దెల ఓడన్నదట అని అందరి ముందూ అనేసింది. పందిట్లో మరాఠీ చుట్టం ఒకామె పెళ్లికూతురి భుజం తడిమి, "కోణీ శివలం?" అని అడిగింది. ఎవరు కుట్టారని. మా ఆడబిడ్డ నా పేరు చెప్పకుండా, పైన కప్పుకున్న పట్టు కండువా, శేలా, భుజం మీదికి లాక్కుంది. ఆ ఎండాకాలంలో పెళ్లి అయ్యేదాకా ఆ పిల్ల శేలా తీయలేదు. ఫోటోలన్నింట్లో చేయి గుండెకు అడ్డం పెట్టుకునే ఉంటుంది. మంచి పిల్ల, నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్ల నాకు ఇంకా బాగా గుచ్చుకుంది.

ఆ జాకెట్టు సంచీలో వేసుకుని ఎస్టీ బస్సెక్కి మేనత్త దగ్గరికి వచ్చాను. ఆమె దాన్ని తొడమీద పరిచి, చేయి దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. నేను ఎదురుగా నేలమీద కూర్చుని, ఎక్కడ తప్పిందో చెప్పు అత్తా అని అడిగాను. ఆమె నా తల నిమిరి, "కొందరి చేతికి కత్తెర అచ్చిరాదు బిడ్డా. నువ్వు ఊలు పట్టుకో" అంది. తర్వాత చాయ్ పెట్టుకురమ్మంది. నేను కళ్లు తుడుచుకుంటూ వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చాను. వచ్చేసరికి చేతులు రెండూ విప్పి, మళ్లీ కలిపి, ముడత అన్నది లేకుండా చేసి పెట్టింది. నేను ఆమె చేతుల్ని కళ్లకద్దుకున్నాను. ఆ రోజు నుంచి మా అత్తవారింటి ఆడవాళ్ల జాకెట్లన్నీ మూటలుగా కుండల్‌వాడి నుంచి నాందేడుకు బస్సులో రావడం మొదలైంది. కొన్నేళ్లకు మా ఆయన దుకాణం నాందేడుకు మార్చాక మేమూ ఇక్కడికే వచ్చేశాం.

ఇక నేను ఊలు పట్టుకున్నాను. దాన్లో కత్తెర పని లేదు, కుట్ల లెక్క తప్పకపోతే చాలు. మా దగ్గర చలి వచ్చిందని తెలిసేలోపే పోతుంది, అయినా మంచుకొండల కింద ఉన్నంత శ్రద్ధగా స్వెట్టర్లు అల్లాను. ఊలు విసుగెత్తితే క్రోషా సూది పట్టాను. రేడియోకు తొడుగు, టీవీకి తొడుగు, నీళ్ల కుండకు మూత, ద్వారానికి తోరణం, గల్లీలో పుట్టిన ప్రతి పాపకూ కుచ్చుల టోపీ. కాసేపు కదలకుండా కూర్చుంటే తన మీద కూడా అల్లేస్తానని మా ఆయన దుకాణంలో అందరికీ చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కాని నా కూతురికి మొదటి లంగా జాకెట్టు గుడ్డ తెచ్చిన రోజు, కత్తెర చేతిలోకి తీసుకుని బట్ట దాకా తెచ్చి మళ్లీ పెట్టేశాను. దాని లంగాలు, దాని గౌన్లు, దాని పెళ్లి జాకెట్టు అన్నీ ఎవరెవరో టైలర్లు కుట్టారు. నా చేతికి రాదు అని చెప్పడం నాకు అలవాటైపోయింది. ఎవరైనా అడగకముందే చెప్పేదాన్ని.

అందుకే ఆ రోజు కోడలు పరిచిన కాగితాల మధ్య కూర్చుని నేను ఏడవలేదు, మండిపోయాను. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట. నాకు మీసాలు లేవు కాబట్టి కాలింది ఇంకొకటి. ఎవరైనా మోసం చేస్తే నమ్మించి గొంతు కోశారంటారు, మా మేనత్త కోయకుండానే ఆ పని చేసింది. మద్దెల నిజంగానే ఓడు, ఆడలేనిదాన్ని కాదు నేను. మరచిపోయి వదిలేసిందేమో అని మనసు ఒక్కసారి ఆమె వైపు లాగింది. కోడలు తక్కిన సైజుల చేతులు కూడా పరిచింది. ఐదు కాగితాలు, ఐదింటికీ ముందూ వెనుకా ఒకటే. ఐదుసార్లు మరచిపోయే మనిషి కాదు ఆమె. ముప్పై నాలుగు సైజు చేయి ఒకటి మడిచి సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మేనత్త ఇప్పుడు మా తమ్ముడి దగ్గర, అదే పాత ఇంట్లో, అదే కిటికీ కింద ఉంది. ఎనభై దాటాయి. వెలుగూ నీడా తప్ప కళ్లకు ఏమీ ఆనదు. మంచం పక్కన మిషను ఉంది, దాని మీద నేను అల్లి ఇచ్చిన క్రోషా తొడుగు. గుమ్మంలో కాలు పెట్టగానే అడుగుల చప్పుడుకే, వచ్చినవా బిడ్డా అంది. దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలు పక్కన పెట్టాను. కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె వేళ్లు చేయి కింది అంచు నుంచి పైకి పాకాయి, వెనుక వంపు ఎక్కాయి, భుజం మీదుగా ముందు వంపు దిగుతూ సగంలో ఆగిపోయాయి.

"నీ పెండ్లికి కోసింది" అంది.

"ముందటి దిక్కు లోతు ఏది అత్తా?"

ఆమె బుకాయిస్తుందనుకున్నాను. బుకాయిస్తే కాసేపు దులిపి, మనసు తేలిక చేసుకుని ఇంటికి పోయేదాన్ని. కాని ఆమె కాగితం మీది నుంచి వేలు తీయలేదు.

"నువ్వు జల్ది నేర్చుకుంటివి. గల్లీల అందరు పిల్ల చెయ్యి మంచిగున్నదనుడు వట్టిరి. మీ అమ్మ సుత, ఇగ ఇంటి కుట్లన్ని పిల్లనే జూసుకుంటది అన్నది. గదొక్కటి గూడ నీకిచ్చినంక ఈ ఇంట్ల నన్ను పిలిచెటోళ్లెవరు?"

"నేను పిలువకపోదునా?"

"గప్పుడు నాకేమెరుక బిడ్డా."

వంటింటి గడప పక్కన ఆమె కంచం నా కళ్ల ముందుకు వచ్చింది. జాలి కలిగింది, లేదని చెప్పను. జాలి వచ్చినంత మాత్రాన కోపం పోతుందని చెప్పేవాళ్లు ఎన్నడూ మోసపోయి ఉండరు. విద్య దాచుకున్నావు సరే, నీ బతుకు అట్లాంటిది. మరి ఆ పెళ్లి జాకెట్టు పట్టుకుని నీ ముందు కూర్చున్న రోజు, నా చేతికి కత్తెర అచ్చిరాదని ఎందుకన్నావని అడిగాను. అర ఇంచు సంగతి దాచినా సరే, ఆ మాట అనకుండా ఉండవచ్చు కదా. ఆమె చీర కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. ఎప్పటి గొంతుతోనే, "పోయి చాయ్ పెట్టుకరా పో" అంది.

చెబితే సిగ్గుచేటు, నా మోకాళ్లు సగం లేచాయి. అరవై దాటినదాన్ని, మనవరాళ్లున్నదాన్ని, ఆ మాట వినగానే వంటింటి వైపు తిరిగాను కూడా. తర్వాత కూర్చున్నాను.

"చాయ్ వద్దు. నా ముందటనే కొయ్యి."

ఆమె కాసేపు నా అడుగుల కోసం విన్నది. కదలిక లేదని తెలిశాక పరుపు కింద చేయిపెట్టి కత్తెర తీసింది. ఇన్నేళ్లయినా అది అక్కడే ఉంది. కాగితాన్ని నిలువుగా మడిచి, నడిమి గీత గోటితో ఒత్తి, మళ్లీ విప్పింది. ముందు వైపు ఏదో ఎడమ బొటనవేలితో గుర్తు పట్టుకుని, కత్తెర ఆనించి, ఎక్కడా ఆగకుండా ఒక్క వంపులో కోసింది. సన్నని నెలవంక ముక్క నేలమీద పడింది. కాగితం నాకు అందించి, గోడవైపు తిరిగి పడుకుంది. తప్పయింది అనలేదు. నేను కూడా పోనీలే అనలేదు, ఇప్పటికీ అనలేదు. ఆ ముక్కను ఊడ్చకుండా అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంటికి వచ్చాక కోడలు టేపు పెట్టి చూసి నోరు తెరిచింది. సరిగ్గా అర ఇంచు. మర్నాడు వజీరాబాద్ బజారుకు వెళ్లి, ముదురు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తెచ్చుకున్నాను. కోడలు సాయం వస్తానంటే వద్దన్నాను. సుద్ద గీత, కత్తెర, నాలుగు మడతలు, విప్పి ముందు వైపు లోతు. మొదటి చేయి లోతు ఆగి ఆగి తీశాను, రెండోది ఒక్క వంపులో. తొడుక్కుని అద్దం ముందు చేయి ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తాను. చంక ముందు ఒక్క ముడత లేదు. కోడలు నన్ను చుట్టూ తిప్పి చూసి, ఇంత మంచి చెయ్యి పెట్టుకుని ఇన్నేండ్లు ఎందుకు కుట్టలేదని అడిగింది. ఇంకా హుక్కులు కుట్టాలని చెప్పి సూది తీసుకున్నాను. నాలుగుసార్లు ప్రయత్నించినా దారం ఎక్కలేదు, సూది బెజ్జం రెండుగా కనిపిస్తోంది. చివరికి కోడలే ఎక్కించి ఇచ్చింది. నా చేయి మంచిదేనని తేలింది, తేలేదాకా కళ్లు మాత్రం ఆగలేదు.